అందరిదీ ఒకటో వరసే

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున సంగీతం మాస్టారు రెండు ఉడికించిన గుడ్లు, ఒకవైపు మాడిన రొట్టె ముక్క తిన్నారు. భార్య పోయి ఆరేళ్ళయినా రొట్టె కాల్చడం ఆయనకు పట్టుబడలేదు. రెండోవైపు బాగానే ఉంది కదా అని సరిపెట్టుకోవడం మాత్రం బాగా పట్టుబడింది. తేదీ, తిండి ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. సరిగ్గా ఆ రోజు పదిన్నరకు ప్రపంచ సంస్కృతి ఆయన బడి గడప తొక్కింది. ఆ మాట సాక్షాత్తూ బడి కమిటీ అధ్యక్షులవారే ప్రకటించారు.

"స్వర్ణోత్సవం నాడు మన పిల్లలు ఒపెరా పాట వాయిస్తారు. మానవజాతి ఇంతవరకు కూర్చిన పాటల్లో దాన్ని మించింది లేదు, ఇకముందు రాదు" అన్నారాయన. అధ్యక్షులవారిది నేలకు పరిచే పలకల వ్యాపారం. మానవజాతి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఎదుటివాళ్ళ కాళ్ళ కింద నేల ఏ రకమో చూసుకుంటూ ఉంటారు.

ఒపెరా అంటే మాటలు కూడా పాడుతూ నడిపే నాటకం. అందులో ఒక్కరే ముందుకొచ్చి గుండె విప్పి పాడే పాటను ఆరియా అంటారు. అధ్యక్షులవారు కోరిన ఆరియా నిజంగానే పేరు మోసింది. ఎంత పేరు మోసిందంటే, ఇక దాన్ని వినాల్సిన అవసరం ఎవరికీ కలగనంత.

"ఆ మహా నాటకశాలలోనే మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఏడ్చాను" అన్నారు అధ్యక్షులవారు.

"నేను రెండుసార్లేనండీ. ఏడుపు మాత్రం ఇంచుమించు మీ అంతే" అన్నారు ప్రిన్సిపాల్ గారు, పదవుల మధ్య ఉండాల్సిన దూరం పాటిస్తూ.

తల్లిదండ్రుల సంఘం తరఫున వచ్చిన పళ్ళ డాక్టరమ్మ వెనకబడలేదు. "మా క్లినిక్‌లో పన్ను పీకేటప్పుడు అదే పెడతాం. పేషెంట్లంతా ఏడుస్తారు" అంది.

మాస్టారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "అసలు పాటకు వాయించేవాళ్ళే డెబ్భై మంది కావాలండీ. పాడే ఆవిడ వేరే. మనకున్నది ముప్పై ఒక్క మంది పిల్లలు."

"అయితే పాటను సగానికి కోయించండి" అన్నారు అధ్యక్షులవారు. పలక పట్టనిచోట కోయించడం ఆయనకు అలవాటే.

మాస్టారు కోయలేదు. మేడమెట్ల కింద ఉన్న సంగీతం గదిలో, మూడు కాళ్ళ కుర్చీని గోడకు ఆనించుకుని కూర్చుని, పది రోజుల పాటు పాటను విప్పి మళ్ళీ కుట్టారు. ఆరు ఫ్లూట్లు, తొమ్మిది క్లారినెట్లు, అయిదు ట్రంపెట్లు, ఎనిమిది వయొలిన్లు, రెండు అకార్డియన్లు, ఒక ట్యూబా, ఇదీ ఆయన సైన్యం. సైన్యంలో రోజూ ఎవరికో ఒకరికి జలుబు. అందుకని పాటను అయిదు వరసలుగా రాశారు. ఒకటో వరసలో అసలు పాట. రెండోది దానికి తోడు నడుస్తుంది. మూడూ నాలుగూ మధ్యలో నింపుతాయి. అయిదోది అట్టడుగున నిలబడి మొత్తం బరువు మోస్తుంది. ఏ వాయిద్యం చేతిలో ఉన్నా ఏ వరసైనా వాయించుకోవచ్చు. ఎంతమంది రాకపోయినా, వరసకు ఒక్కరుంటే చాలు, పాట కూలదు.

ఇలా రాయడానికి ఓపిక కావాలి. ఒకే స్వరాన్ని క్లారినెట్‌కు ఒక మెట్టు మీద, ఫ్లూట్‌కు ఇంకో మెట్టు మీద రాస్తేనే రెండూ కలిసి పలుకుతాయి. ఒక వయొలిన్‌కు సన్న తీగ లేదు. ఒక అకార్డియన్‌లో ఒక మీట నొక్కితే ఇక లేవదు. అధ్యక్షులవారి అబ్బాయి పళ్ళకు తీగలు బిగించారు కనుక ట్రంపెట్ పై స్వరాలు ఊదలేడు. లేని తీగ, లేవని మీట, నొప్పెట్టే పన్ను, వీటిలో దేనికీ చిన్నతనం రాకుండా రాశారాయన.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది అయిదో వరస. అది పిట్ట కోసం.

పిట్ట పదకొండేళ్ళ పిల్ల. బడిలోనూ ఇంట్లోనూ ఆ పేరే. సంగీతం గదికి అందరికంటే ఆలస్యంగా వచ్చింది కనుక, అప్పటికి ఎవరూ తీసుకోని ట్యూబా మిగిలింది. ఇత్తడి బాకాలకు తాతలాంటిది ఆ ట్యూబా. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే పిట్టవి రెండు బూట్లు, పది వేళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళతాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. పిట్టకు వచ్చింది ఆరు స్వరాలు. కానీ లెక్క తప్పదు. ఎనిమిది ఆవర్తాలు ఆగమంటే ఎనిమిదే ఆగుతుంది, ఏడున్నర దగ్గర తొంగి చూడదు. మాస్టారు ఆ ఆరు స్వరాలతోనే పాట పునాది మొత్తం కట్టారు.

కాగితాలు పంచిన మర్నాడు గది ముందు తల్లిదండ్రులు బారులు తీరారు.

"మా అమ్మాయికి మూడు వచ్చిందేమిటండీ?" అంది పళ్ళ డాక్టరమ్మ, కాగితం పైమూల అంకె మీద గోరు పెట్టి. "మా ఇంటావంటా మూడు లేదు."

"అది ర్యాంకు కాదమ్మా, వరస. పాటలో ఆ పిల్ల నిలబడే చోటు" అన్నారు మాస్టారు.

"చోటే అయితే ముందు చోటు ఇవ్వడానికేం?"

"అందరూ ముందే నిలబడితే వెనకాల..."

"వెనకాల ఎవరినైనా పెట్టుకోండి. మా అమ్మాయిని పెట్టకండి. అంతేగా."

మాస్టారు మంచివారు. ఆ రాత్రి అంకెలన్నీ చెరిపి రంగులు వేశారు. ఎరుపు వరస, పసుపు వరస, నీలి వరస. పొద్దున్నే ఒక నాన్న వచ్చి, గోధుమరంగు తమకే ఎందుకు వచ్చిందో లిఖితపూర్వకంగా చెప్పమన్నాడు. రంగులు తీసేసి పూల పేర్లు పెట్టారు. ముళ్ళున్న పువ్వు వచ్చినవాళ్ళు ఫోన్ చేశారు.

పొలాలు కొలిచే సర్వేయరు ఒకాయన ఉన్నాడు. ఆయన కాగితాలన్నీ ముందేసుకుని చుక్కలు లెక్కపెట్టాడు. "మావాడికి నూట నలభై రెండు స్వరాలు, అధ్యక్షులవారి అబ్బాయికి నూట తొంభై. ఇద్దరూ ఒక తరగతే, ఒక బెంచీయే. ఈ నలభై ఎనిమిది ఎటు పోయాయి మాస్టారూ?" అని నిలదీశాడు. అంతటితో ఆగలేదు. మావాడు మధ్యలో నాలుగు ఆవర్తాలు ఊరుకోవాలని రాసి ఉంది, ఊరుకోవడానికే అయితే ఇంట్లో ఊరుకునేవాడు కదా అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సమానత్వమే ఊపిరిగా గల ఈ పాఠశాలలో ఇకపై అన్ని వరసలూ ఒకటో వరసగానే ఉండవలెను. ఏ విద్యార్థిని గానీ విద్యార్థి గానీ పాట మధ్యలో మౌనముగా ఉంచబడరాదు."

"ప్రిన్సిపాల్ గారూ, ఊదేవాళ్ళకు ఊపిరి తీసుకోవడానికైనా సందు వద్దాండీ?" అని అడిగారు మాస్టారు.

"పాట అయిపోయాక తీసుకుంటారు లెండి. చిన్నపిల్లలు, ఊపిరికి కొదవా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ముప్పై మందికీ ఒకటో వరసే రాసిచ్చారు మాస్టారు. ముప్పై ఒకరికి కాదు. పిట్ట కాగితం అలాగే ఉంచారు. దాని గురించి ఎవరూ అడగలేదు. పిట్ట తల్లిదండ్రులు అడగడానికి రాలేదు, మిగతావాళ్ళకు ఆ వరస అక్కర్లేదు.

అసలు చిక్కు ఉత్సవానికి నాలుగు రోజుల ముందు వచ్చింది. ఫొటోగ్రాఫరు వేదిక చూసుకోవడానికి వచ్చాడు. అధ్యక్షులవారు ఆయన కెమెరాలోంచి తొంగి చూసి, "ఆ ఇత్తడి గుండిగ ఏమిటి? మావాడి మొహానికి అడ్డం వస్తోంది. తీసేయించండి" అన్నారు.

"అది ట్యూబా అండీ. దాని వెనక ఒక అమ్మాయి ఉంది."

"ఉంటే ఉంది. కుర్చీలు కూడా ముప్పై చక్కగా కుదిరాయి. ఒకటి ఎక్కువైతే వంకర."

మాస్టారు ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ళలో కమిటీకి ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు కూడా ఎదురు చెప్పారనడానికి వీల్లేదు, బతిమాలారు. "అడుగు వరస లేకపోతే పాట నిలబడదండీ. పలక కింద సిమెంటు లాంటిది."

సిమెంటు మాట అధ్యక్షులవారి మనసుకు తగిలింది. "సిమెంటు కనపడకూడదు కదా. తెర వెనక కూర్చోబెట్టండి" అన్నారు.

ఈ కబురు పిట్టకు ఎలా చెప్పాలో మాస్టారుకు తెలియలేదు. పిట్టే అడిగింది. "నేను సరిగా వాయించట్లేదా మాస్టారూ?"

"అది కాదురా తల్లీ. నువ్వు ఒక్కదానివే సరిగా వాయిస్తున్నావు."

"మరి తెర వెనక ఎందుకు?"

ఆ పిల్ల రెండు కళ్ళూ ట్యూబా వంపు మీదుగా ఆయన్నే చూస్తున్నాయి. అప్పుడు, ట్యూబా తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళ నాన్న కల్పించుకున్నాడు. "పోనీలే అమ్మా. అక్కడ గాలి బాగా వస్తుంది. నేనూ నీ పక్కనే ఉంటా, ఎవరూ వద్దనరు." కూతురి కోసం అంతకంటే పెద్ద అబద్ధం ఆడలేక, ట్యూబా భుజాన వేసుకుని, అరడుగు ముందు నడిచాడు. మొహం కనపడకుండా.

స్వర్ణోత్సవం వచ్చింది. హాలు కిక్కిరిసింది. ముందు వరసలో అధ్యక్షులవారు తెల్ల రుమాలు మడతపెట్టి మోకాలి మీద పెట్టుకున్నారు, ఏడవడానికి. అది చూసి ప్రిన్సిపాల్ గారు తన రుమాలు కూడా తీశారు, కాస్త చిన్నది.

మాస్టారు చెయ్యెత్తారు. తెర చీలికలోంచి పిట్ట నాన్న ఆ చెయ్యి చూసి, కూతురి భుజం తట్టాడు. పాట మొదలైంది.

మొదటి రెండు ఆవర్తాలు ముప్పై మందీ ఒకటో వరస వాయించారు. మూడో ఆవర్తంలో ఫ్లూట్లకు ఊపిరి అయిపోయింది. పీల్చుకోవడానికి కాగితంలో చోటు లేదు. సాధనలో చాటుగా పీల్చుకునేవారు, ఇప్పుడు సర్క్యులర్ ఇచ్చినవాళ్ళు ఎదురుగానే ఉన్నారు, ఆగకూడదు. బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, వేళ్ళు మాత్రం కదుపుతూ కూర్చున్నారు. నాలుగో ఆవర్తంలో క్లారినెట్లు, అయిదోదాంట్లో ట్రంపెట్లు. వయొలిన్ల పిల్లలు మొదటి నుంచీ ఫ్లూట్లు విని వాయించడానికి అలవాటు పడ్డవాళ్ళు. అవి ఆగేసరికి ఎక్కడున్నారో తెలియక, విల్లు తీగకు తగలకుండా పైపైన నడిపించారు. చూడ్డానికి అద్భుతంగా ఉంది, ఎనిమిది విళ్ళూ ఒకేవైపు. అకార్డియన్లు రెండూ నొక్కుదామా వద్దా అని ఒకదాన్నొకటి చూసుకుని, మర్యాదకు ఊరుకున్నాయి.

వేదిక మీద ముప్పై మంది వాయిస్తున్నారు. ఒక్క స్వరం కూడా రావడం లేదు.

తెర వెనక నుంచి మాత్రం బోం... బోం... బోం, బోం... అని వస్తోంది. ఏం జరిగినా లెక్క తప్పొద్దని మాస్టారు చెప్పారు. పిట్ట తప్పలేదు. తొణకకుండా, తొందరపడకుండా, పునాది మీద పునాది వేసుకుంటూ పోయింది. మాస్టారు ముందు కళ్ళు మూసుకున్నారు, తర్వాత తెరిచారు. ఎత్తిన చెయ్యి దించితే ఆ పిల్ల ఒంటరిదైపోతుంది. ఆ చేత్తో ఆయన మూగపాటను చివరిదాకా నడిపించారు.

మధ్యలో పిట్టకు ఎనిమిది ఆవర్తాల మౌనం వచ్చింది. ట్యూబా ఆగింది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. ఉబ్బిన బుగ్గలు, ఊగే విళ్ళు, ఏ చప్పుడూ లేదు. అధ్యక్షులవారు రుమాలు విప్పి కళ్ళకు అద్దుకున్నది సరిగ్గా అప్పుడే. ప్రిన్సిపాల్ గారు ఒక క్షణం ఆగి, అద్దుకున్నారు. పళ్ళ డాక్టరమ్మ పైకే వెక్కింది.

ఎనిమిదో ఆవర్తం దాటగానే బోం అంది. ఏడున్నర దగ్గర కాదు. ఇంకో నిమిషానికి పాట అయిపోయింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు.

అధ్యక్షులవారు వేదికెక్కారు. "ఆ మహా నాటకశాలలో విన్నది ఇదే. ఒక్క స్వరం తేడా లేదు. ముఖ్యంగా ఆ మౌనం... అయ్యా, నేను మూడుసార్లూ ఏడ్చింది ఆ మౌనం దగ్గరే" అన్నారు. తర్వాత ముప్పై మందికీ పతకాలు వేశారు. ముప్పై కుర్చీలకు ముప్పై పతకాలే తెప్పించారు.

ఇక్కడితో సంస్కృతి తన దారిన తాను పోయేదే. కానీ ఇంటికి వెళ్ళాక అధ్యక్షులవారి అబ్బాయి అన్నం ముందు కూర్చుని నిజం చెప్పేశాడు. పళ్ళ తీగలున్న నోరు, దాచుకోవడానికి వీల్లేదు కాబోలు.

"నేను వాయించలేదు నాన్నా. ఎవరూ వాయించలేదు. మీరంతా విన్నది పిట్ట వాయించిన అయిదో వరస."

"అయిదో వరసా? మనది ఏది?"

"ఒకటి."

"ఒకటెందుకు తీసుకున్నావురా, బుద్ధి లేదూ?" అన్నారు అధ్యక్షులవారు.

పిల్లలు ముప్పై మంది, ఇళ్ళు ముప్పై. మర్నాడు పొద్దున్నే సంగీతం గది ముందు మళ్ళీ బారులు.

"మా అమ్మాయికి అయిదు ఎందుకు ఇవ్వలేదు? మా ఇంటావంటా అడుగు నుంచి పైకొచ్చినవాళ్ళమే" అంది పళ్ళ డాక్టరమ్మ.

"ఆ ఎనిమిది మౌనాలూ ఒక్కరికే రాసిచ్చారట. మౌనాలు తలా ఇన్ని పంచండి మాస్టారూ" అన్నాడు సర్వేయరు, టేపు జేబులోంచి తీయకుండానే.

స్వర్ణోత్సవాల ముగింపు సభ ఇంకో నెలలో ఉంది. కమిటీ అత్యవసరంగా కూర్చుంది. మాస్టారును నిలబెట్టారు.

"ఆ పిల్ల వాయించింది, కాదనను" అన్నారు అధ్యక్షులవారు. "అయినా అంత బాధ్యత గల వరసను తెర వెనక వాళ్ళ చేతిలో పెడతారా ఎవరైనా? ఈసారి ముప్పై మందీ అదే వాయిస్తారు."

"అది పిట్ట వరస అండీ" అన్నారు మాస్టారు.

గదిలో అందరూ ఆయన వంక చూశారు. ఆయన గొంతు కొంచెం గట్టిగా వచ్చింది, ఆయనకే వింతగా ఉంది. ఆ పిల్లకు వచ్చిన ఆరు స్వరాలూ లాక్కుని ముప్పై మందికి పంచే పని తాను చేయలేనని, అంతగా కావాలంటే ఇంకో మాస్టారును చూసుకోమని చెప్పడానికి నోరు తెరిచారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. అంతలో ప్రిన్సిపాల్ గారు కొత్త సర్క్యులర్ చదవడం మొదలుపెట్టారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇదివరకటి అయిదో వరసను ఇకపై ఒకటో వరసగానూ, ఇదివరకటి ఒకటో వరసను అయిదో వరసగానూ పరిగణించవలెను. కొత్త ఒకటో వరస ముప్పై మంది విద్యార్థులకూ సమానముగా ఇవ్వబడును. మిగిలిపోయిన అయిదో వరస ట్యూబా విద్యార్థినికి కేటాయించడమైనది."

చదివి, కళ్ళద్దాలు తీసి, "పాపం, ఏదో ఒకటి ఆ పిల్లకూ ఉండాలి కదండీ" అని జాలిపడ్డారు.

మాస్టారు తెరిచిన నోరు మూసుకున్నారు. జన్మలో అంత లాభసాటిగా ఆయన ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

ఆ సాయంత్రం బడి ఖాళీ అయ్యాక, మెట్ల కింద గదిలో పిట్ట కొత్త కాగితం పట్టుకుని కూర్చుంది. పైమూల 5 అని ఉంది. వాళ్ళ నాన్న ట్యూబా సంచీ మడతపెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నన్ను కిందికి దింపేశారా మాస్టారూ?" అంది పిట్ట.

"ముందు ఊది చూడు."

"ఇందులో నాకు రాని స్వరాలు రెండున్నాయి."

"అవి ఇప్పుడు నేర్చుకుంటావు. ఊపిరి తీసుకునే చోట్లన్నీ మళ్ళీ పెట్టాను. తొందర లేదు."

పిట్ట బూట్లు నేలకు ఆనించుకుని, ఊపిరి తీసుకుని ఊదింది. ముందు రెండుసార్లు గేదె అరిచినట్టు వచ్చింది. మూడోసారి పాట వచ్చింది. నెలన్నరగా ఆ బడిలో అందరూ పేరు చెప్పుకున్నదీ, ఏడ్చిందీ, ఎవరూ విననిదీ అయిన ఆ పాట. లోతుగా, నింపాదిగా, ఒక పెద్ద మనిషి చీకట్లో తనలో తాను పాడుకున్నట్టు. రాని స్వరం వచ్చినప్పుడల్లా కొంచెం తడబడి, దాన్ని చెయ్యి పట్టుకుని దాటించి, ముందుకు సాగింది.

లిఫ్టుల మనిషి సంచీ కింద పెట్టేశాడు. "ఇదా మాస్టారూ ఆ పాట?"

"ఇదే."

"ఎంత బాగుంది" అన్నాడు. కాసేపు విన్నాక, భయంగా, "మరి వాళ్ళకు తెలిస్తే?" అన్నాడు.

వసారా చివర మాటలు వినిపిస్తున్నాయి. కొత్త ఒకటో వరసకు కుర్చీలు ఎలా వేయించాలో చర్చించుకుంటూ అధ్యక్షులవారూ ప్రిన్సిపాల్ గారూ మెట్లు దిగుతున్నారు.

మాస్టారు వేలు పెదవుల మీద పెట్టుకోలేదు, పిట్టను ఆగమనలేదు. లేచి, వసారాలో దీపం ఆర్పి, వినడం కంటే చూడడమే అలవాటైన వాళ్ళిద్దరికీ సంగీతం గది ఆ రాత్రికి మూసేసినట్టే కనపడేలా, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.